తపాలా బిళ్ళంత దుమ్ము

“దుమ్ము తీసేద్దాం. మంచు పెడదాం.”

పుణె నుంచి పల్లవి ఫోన్‌లో ఈ మాట అన్నప్పుడు సుభాషిణి చంద్రపూర్‌లో, జటపురా గేటు దగ్గరి ఫ్లెక్స్ దుకాణంలో కూర్చుని ఒక నాయకుడి పుట్టినరోజు బ్యానర్ మీద ముప్పై నాలుగో మొహం అతికిస్తోంది. మౌస్ మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఏం పెడదాం?” అని మరాఠీలో అడిగింది.

“మంచు. స్నో. ఆటలో ఇంకేదీ మారదు. దండెం మీద బట్టలు, వేలితో దులపడం, అన్నీ అవే. పైనుంచి రాలేది మాత్రం మంచు. పేరు కూడా ‘స్నోయి లాండ్రీ’ అని పెడదాం. మా ఆర్టిస్టు యాప్ స్టోర్‌లో పెట్టే బొమ్మ వేసేశాడు కూడా. పంపిస్తున్నా, చూడు.”

బొమ్మ వచ్చింది. తెల్లతెల్లటి పిల్ల, నెత్తిన ఎర్ర టోపీ, కొండనాలుక కనబడేంతగా తెరిచిన నోరు. వెనకాల పచ్చటి కొండ, కొండ కొసన మంచు. ఒక మూలన బంగారు నాణేల కుప్ప. ఆటలో అసలు నాణేలే లేవు.

సుభాషిణికి నవ్వొచ్చింది, దాని వెనకే ఒళ్ళు మండింది. ఆమెది చంద్రపూర్ పక్కనే ఉన్న బొగ్గు గనుల ఊరు, ఘుగ్గుస్. అక్కడ జనవరి పొద్దున దిగే పొగమంచు కూడా మసి పూసుకునే దిగుతుంది.

సుభాషిణికి ఇరవై తొమ్మిదేళ్ళు. తండ్రి మొండయ్య మంచిర్యాల పక్క పల్లె నుంచి వచ్చి బొగ్గు గనిలో లోడర్‌గా చేరాడు. పోయినేడు రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి, కాలనీ వెనకే రెండు గదుల ఇంట్లోకి మారారు. తల్లి ఆగమ్మ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. సుభాషిణి తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది. రోజూ బస్సులో చంద్రపూర్ వచ్చి బ్యానర్లు తయారుచేసి సాయంత్రం తిరిగి వెళ్తుంది.

ఘుగ్గుస్‌లో ఆగమ్మ లాంటివాళ్ళు ప్రతి బట్టనూ రెండుసార్లు ఉతుకుతారు. ఒకసారి ఒంటి మురికి పోవడానికి, ఇంకోసారి ఆరేసినప్పుడు పడిన దుమ్ము పోవడానికి. ఆ రెండో ఉతుకుడును ఇంటిపని కింద రాసేయడం మనకు అలవాటైంది. నిజానికి అది గనుల పని, బట్టీల పని, లారీల పని. చేసేది ఆడవాళ్ళు. ఏ హాజరు పట్టీలోనూ వాళ్ళ పేరు ఉండదు.

సుభాషిణి ఆట ఆ రెండో ఉతుకుడు గురించే. పేరు ‘దండెం’. ఫోన్ మీద దండెం ఉంటుంది, దాని మీద బట్టలు ఆరుతుంటాయి. పైనుంచి మూడు రకాల దుమ్ము రాలుతుంది. బొగ్గుది నలుపు, సిమెంటుది బూడిద, ఇనుము బట్టీలది మినుకు మినుకుమంటూ మెరిసేది. షిఫ్టు సైరన్ మోగేలోపు బట్టల మీద దుమ్మును వేలితో దులుపుతూ, ఆరిన వాటిని మడత పెట్టేయాలి. అన్నిటికంటే కష్టం తెల్ల యూనిఫాం చొక్కా. అది ఒక్కసారి మాసిందంటే ఆట అయిపోయినట్టే. కోడ్ రాసింది ధనరాజ్. బడిలో సుభాషిణి క్లాసువాడే. ఇప్పుడు లారీలు తూచే కాంటా దగ్గర కంప్యూటర్ ఆపరేటర్. ఇద్దరూ సెలవులూ పండగలూ తినేసి రెండేళ్ళలో ఆట పూర్తి చేశారు. స్టోర్‌లో పెట్టి మూడు నెలలైంది. దించుకున్నది రెండు వందల పద్నాలుగు మంది. వాళ్ళలో సగానికి పైగా ధనరాజ్ కాంటా మీదికొచ్చే లారీ డ్రైవర్లు.

ఆ సమయంలో పుణెలోని చిన్న ఆటల కంపెనీ కంట్లో పడింది ‘దండెం’. ఆడి చూసిన పల్లవి రెండు రోజులు ఫోన్ కింద పెట్టలేదట. దేశమంతా తీసుకెళ్తాం అంది. దానికామె షరతు ఒకటే, దుమ్ము పోయి మంచు రావాలి.

“పల్లవీ, మా ఆటకు దుమ్మే ప్రాణం,” అంది సుభాషిణి.

“అరే, నాకు తెలియదా? నేను ఆడాను కదా. కానీ స్టోర్‌లో జనం ఆటను చూడరు, బొమ్మను చూస్తారు. మీ బొమ్మ చూసి వందలో ఒక్కరు కూడా నొక్కడం లేదు. దుమ్మును చూసి ఎవరు నొక్కుతారు చెప్పు?”

ఆమె చెప్పినదాంట్లో అబద్ధమేం లేదు. స్టోర్‌లో ఆట పేరు పక్కన ఉండే చదరం బొమ్మ తపాలా బిళ్ళంత ఉంటుంది. జనం వేలు జార్చుకుంటూ పోతుంటే దానికి దక్కేది ఒక రెప్పపాటు. ఆ రెప్పపాటులో పట్టుకోలేకపోతే రెండేళ్ళ కష్టమూ కిందికి జారిపోతుంది.

“దుమ్ము బొమ్మే జనం నొక్కేలా వేస్తే?” అంది సుభాషిణి.

పల్లవి మంచిది. కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. స్టోర్‌లో రెండు బొమ్మలు పెట్టి, సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకోటి చూపించే వీలుంది. సోమవారం నుంచి వారం రోజులు పోటీ. ఎక్కువమంది నొక్కిన బొమ్మే ఉంటుంది. మంచు గెలిస్తే ఆటలోనూ మంచే కురుస్తుంది, పేరు కూడా ‘స్నోయి లాండ్రీ’ అవుతుంది. దుమ్ము గెలిస్తే అన్నీ ఉన్నవి ఉన్నట్టే. అది గురువారం. సోమవారానికి నాలుగు రోజులు.

ఫోన్ పెట్టేసి చూస్తే దుకాణం యజమాని ఓంప్రకాష్ సేఠ్ వెనక నిలబడి ఉన్నాడు. “బేటీ, ఆ మూడో వరసలో మొహం చిన్నదైంది. ఆయన వచ్చి నా టేబుల్ మీద కూర్చుంటాడు. పెంచు.”

పెంచింది.

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కకు నెట్టి సుభాషిణి మొదటి బొమ్మ వేసింది. దండెం, దండెం కింద ఆగమ్మ, పక్కన పొరుగింటి ప్రేమలత, యూనిఫాం పిల్లవాడు, హెల్మెట్ పెట్టుకున్న మొండయ్య, లారీ, లారీలోంచి తల బయటపెట్టిన డ్రైవర్, గోడ మీద మేక. పైన ‘దండెం’ అని మూడు లిపుల్లో పేరు. ఒక్కొక్కరి మొహం కళగా కుదిరింది. సంబరంగా ధనరాజ్‌కు పంపింది.

ధనరాజ్ కాంటా నుంచి వెంటనే ఫోన్ చేశాడు. “సుభా, జర దాన్ని అంగుళమంత చిన్నగ చేసి చూడు.”

చేసింది.

“ఏం కనబడుతుంది?”

“...అటుకులు.”

“అటుకులల్ల పల్లీలు గూడ. గిదేందే, ఆట బొమ్మనా, మీ సేఠ్ దుకాణంల బడ్డే బ్యానరా? మేకకు గూడ జాగ ఇచ్చినవ్!”

“మేక లేకుంటే ఎట్లరా? ఆటల ఉన్నది గద.”

“ఉన్నోళ్ళందరిని ఎక్కిస్తే ఎవ్వలు గూడ కనబడరు.”

ఐదేళ్ళుగా అంటుకున్న అలవాటది. ఫ్లెక్స్ లోకంలో ఒక్క మొహం వదిలేసినా మర్నాడు ఆ మనిషి దుకాణం మీదికొస్తాడు. ఎవరి మొహం ఎంత పెద్దదో, ఎవరు ఎవరి పక్కన ఉండాలో, అంతా హోదా లెక్క. ఎవర్నీ వదలకూడదన్న భయం ఆమె వేళ్ళలోకి పాకిపోయింది. తపాలా బిళ్ళ మీదా అదే చేసింది. సుభాషిణి కిసుక్కున నవ్వింది. మేకతో మొదలుపెట్టి ఒక్కొక్కరినే దించేసింది.

శుక్రవారానికి ఆగమ్మ ఒక్కతే మిగిలింది. దండెం, ఎర్రచీర, చీర దులుపుతున్న ఆగమ్మ చేయి, వెనక మధ్యాహ్నపు నీలాకాశం. అక్షరాలన్నీ తీసేసింది. అంత చిన్న చదరంలో అక్షరాలు చీమల బారులాగే ఉంటాయి. ఈసారి నేరుగా పల్లవికి పంపింది.

“బాగుంది! అమ్మ చాలా బాగుంది,” అంది పల్లవి. “కానీ సాయంత్రం ఎందుకు పెట్టావు? బట్టలు ఆరేది ఎండలో కదా. మబ్బు తీసెయ్యి.”

“మబ్బెక్కడుంది? అది మధ్యాహ్నమే.”

“అరే, ఆకాశం బూడిద రంగులో ఉంది!”

“నీలం అది.”

పల్లవి తన కిటికీలోంచి ఆకాశాన్ని ఫోటో తీసి పంపింది. నాలుగు రోజుల వాన తర్వాత పుణె ఆకాశం. సుభాషిణి దాన్ని తన బొమ్మ పక్కన పెట్టి చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. సాయంత్రం ఇంటికి వచ్చి ధనరాజ్‌ను పిలిచింది. అతను బొమ్మ తెరిచి ఆకాశం మీద ఒక చుక్క నొక్కి, రంగులో ఏది ఎంతుందో అంకెల్లో చూపించాడు.

“బూడిదల ఒక్క చుక్క నీలం ఏసినట్టున్నది సుభా. గంతే.”

వాకిట్లో నిలబడి పైకి చూస్తూ కలిపిన రంగది. చిన్నప్పటి నుంచీ ఆకాశం అంటే ఆ రంగే వేసింది. బడిలో డ్రాయింగ్ సారు దానికే మంచి మార్కులు వేశాడు. సారుదీ ఘుగ్గుసే మరి.

“మనకు ఆకాశం గూడ సగమే ఇచ్చిండ్రురా,” అంది సుభాషిణి.

“అయితే మార్చెయ్. పుణె నీలం ఎక్కించెయ్. జనం నొక్కుతరు, గెలుస్తం, అయిపాయె.”

శనివారం దుకాణానికి సెలవు పెట్టి, పొద్దున్నే పుణె నీలం ఎక్కించింది. ఎర్రచీర ఆ నీలం మీద ధగధగా వెలిగింది. స్టోర్‌లోని మిగతా ఆటల బొమ్మల మధ్య పెట్టి చూసింది. కనబడుతోంది. బాగానే కనబడుతోంది. కానీ ఏదో ఏడ్చినట్టుంది. ఫోన్‌ను కిటికీ గట్టు మీద పెట్టేసి స్నానానికి వెళ్ళింది. వచ్చేసరికి ఆగమ్మ బియ్యం ఏరుతూ ఉంది.

“అమ్మా, గా కిటికీల ఫోనున్నది. బొమ్మ ఎట్లున్నదో చూడు.”

ఆగమ్మ లేచి ఫోన్ అందుకుంది. చూసే ముందు అలవాటుగా చూపుడువేలితో ఒక్క గీత గీసి, ఆ వేలిని పైకెత్తి చూసుకుంది. ఘుగ్గుస్‌లో కుర్చీలో కూర్చునే ముందు, పళ్ళెంలో వడ్డించే ముందు, పసిపిల్లను పడుకోబెట్టే ముందు అందరూ చేసే పనే ఇది. వేలి రంగు చూసి గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పేస్తారు.

“ఇయ్యాల నల్లగొస్తున్నది. గని దిక్కు గాలి,” అంది. తర్వాత బొమ్మ చూసింది. “గిదేం ఊరే? ఎవ్వలీమె?”

“నువ్వేనే అమ్మా!”

“నేనా! గంత నీలం మొగులు కింద నేనెందుకుంట? గక్కడ దులిపేదేమున్నది?”

సుభాషిణి మాత్రం తల్లి చేతిలో ఫోన్‌నే చూస్తోంది. అరగంటలోనే అద్దం మీద సన్నటి మసి పొర పరుచుకుంది. పొర కింద అంతా మసక. తల్లి వేలు గీసినచోట మాత్రం కింద ఉన్న ఎర్రచీర నిగనిగలాడుతోంది. ఒక్క గీత. దూరం నుంచి కూడా కన్ను అక్కడికే పోతోంది.

“అమ్మా, కదలకు! తుడువకు! గట్లనే పట్టుకో!”

“ఏమైందే? తేలు గిన ఉన్నదా?”

“కదలకన్నగద!” సుభాషిణి తలకు చుట్టుకున్న తువ్వాలుతోనే వీధిలోకి పరుగెత్తి ధనరాజ్ ఇంటి తలుపు బాదింది. “రారా! దొరికింది! బొమ్మ దొరికింది!”

ధనరాజ్ పళ్ళు తోముకునే బ్రష్షుతోనే వచ్చి చూశాడు. నోట్లో నురగ ఉండగానే ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

మొహం లేదు. ఆకాశం లేదు. లారీ లేదు. చదరమంతా దుమ్ము. అందులో ఒక వేలి గీత. గీతలోంచి తొంగిచూస్తున్న బట్ట రంగు. ఆటలో చేయాల్సిన పని అదే, వేలితో ఒక్క తుడుపు. చూసినవాళ్ళకు వేలు దురద పుట్టాలి. గీతను ఇంకొంచెం పొడుగు లాగాలనిపించాలి. బొమ్మ పని అంతే.

అయితే దుమ్మును కంప్యూటర్‌లో గీస్తే సున్నంలా ఉంది. పొడరులా ఉంది. రాలిన దుమ్ములా మాత్రం లేదు. “ఉన్న ఊళ్ళె దుమ్ము గీసుడేందిరా, అసలుదే పట్టుదాం,” అంది సుభాషిణి. ఒక స్టీలు పళ్ళెం బోర్లించి ఇంటి పైన దాబా మీద పెట్టింది. గంట చాలనుకుంది. నలభై నిమిషాలకే పళ్ళెం సిద్ధం.

అక్కడి నుంచి ఆ దాబా తిరునాళ్ళయింది. ఆగమ్మ ఒక పళ్ళెం మీద వేలితో గీస్తుంది, సుభాషిణి ఫోటో తీస్తుంది, గీత వంకరొస్తుంది, ఇంకో పళ్ళెం కావాలి. ఇంట్లో పళ్ళాలు అయిపోయాయి. ప్రేమలత తన ఇంటివి పట్టుకొచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చారు.

“ఏందొదినా, పళ్ళాలకు ఎండ చూపిస్తున్నరు?”

“మా బిడ్డకు దుమ్ము గావాలెనట.”

“అయ్యో, అడుగకనే ఇచ్చే ఊరు గదనే మనది! ఎన్ని కిలోలు?”

“వేలు గూడ గావాలెనట.”

“నాది వద్దు, లావుంటది. ప్రేమలతది పెట్టు, పెండ్లి ఉంగరంతోని సక్కగుంటది.”

“ఉంగరమొద్దు అత్తమ్మా,” అంది సుభాషిణి నవ్వాపుకుంటూ. “ఉత్త గీత గావాలె. ఒక్క దెబ్బల గీయాలె. మధ్యల ఆగొద్దు.”

ఒక్కొక్కరే వరసగా గీశారు. ఎవరి గీత వారిదే. ఒకామె తుడిచినట్టు గీసింది, ఒకామె ముగ్గు పెట్టినట్టు గీసింది. ప్రేమలత గీత భయపడుతూ మొదలై భయపడుతూనే ముగిసింది. చివరికి అందరూ ఒక్క మాట మీదికొచ్చారు, ఆగమ్మ గీతే గీత. కింద ఎడమ మూల నుంచి పైకి ఒక్క ఊపు. మొదట్లో వెడల్పు, పోనుపోను సన్నం. అంచుల్లో దుమ్ము చిన్న గట్టులా లేచి, అసలు దుమ్మేనని తెలుస్తోంది. ముప్పై ఏళ్ళ సాధన ఉంది ఆ వేలికి.

సాయంత్రానికి సుభాషిణి ఆ ఫోటోను చదరంలోకి ఎక్కించి, గీత కింద ఎర్రచీర రంగు పెట్టింది. చిన్నది చేసి స్టోర్ బొమ్మల మధ్యలో పెట్టి ఫోన్‌ను చేయిచాపినంత దూరంలో పట్టుకుంది. ఆమె ఉత్సాహం సగం చల్లబడింది.

“రక్తం కారినట్టున్నది,” అన్నాడు ధనరాజ్.

నిజమే. పెద్దగా ఉంటే చీర. చిన్నదయ్యేసరికి కత్తిగాటు. ఇద్దరూ ఆదివారం పొద్దంతా రంగులు మార్చారు. ఆకుపచ్చ పెడితే పాచి పట్టినట్టుంది. నీలం పెడితే ఆ బూడిదలో కలిసి మాసిపోయింది. తెలుపు పెడితే ఉత్త గోడ.

ఆగమ్మ టీ తెచ్చింది. “నా పసుపుపచ్చ చీర ఉన్నది గద, తెల్ల చుక్కలది. గది పెట్టరాదు? ఎప్పుడు ఉతికి ఆరేసినా నా పానం దాని మీదనే ఉంటది, మాసిపోతదని.”

పెట్టారు. పసుపు భగ్గుమంది. గీతలో ఆరు చుక్కలు పడ్డాయి. ఆ ఆరు చుక్కలే పని చేశాయి. కింద ఉన్నది మంట కాదు, గాటు కాదు, బట్ట అని అంత చిన్న బొమ్మలోనూ ఇట్టే తెలిసిపోతోంది. స్టోర్ చదరం మూలల్ని గుండ్రంగా కత్తిరిస్తుంది కాబట్టి గీత కొసను కొంచెం లోపలికి జరిపారు. రంగులన్నీ తీసేసి నలుపు తెలుపులో చూశారు, గీత నిలిచింది. మొండయ్య పాత ఫోన్‌లో, పగిలిన అద్దంలో, మిట్టమధ్యాహ్నం ఎండలో చూశారు, అప్పుడూ నిలిచింది. చుట్టూ మిగతా ఆటల బొమ్మల్లో నోళ్ళు తెరిచి అరుస్తున్న మొహాల మధ్య ఒక్క గీత నోరు మూసుకుని అందరికంటే గట్టిగా పలుకుతోంది.

“మరి నేనేడున్న?” అంది ఆగమ్మ, బొమ్మను అటూ ఇటూ తిప్పి. “నన్ను బొమ్మల ఏస్తున్నవని మీ మేనమామకు గూడ చెప్పుకున్న.”

“గీత నీదే గదనే అమ్మా.”

“గీత చూసి మీ మామ గుర్తుపడ్తడా?”

“మామ గుర్తుపట్టకున్నా ఘుగ్గుస్ గుర్తుపడ్తది తియ్,” అన్నాడు మొండయ్య బయటి నుంచి.

సోమవారం పోటీ మొదలైంది. లెక్క చూసుకోవడానికి పల్లవి ఒక లింకు పంపింది. సుభాషిణి బస్సులో చూసింది, దుకాణంలో బ్యానర్ల మధ్య చూసింది, టీ తాగుతూ చూసింది. సాయంత్రానికి మంచు బొమ్మను చూసిన వందమందిలో ఐదుగురు నొక్కారు. దుమ్ము బొమ్మను ముగ్గురు. మంగళవారమూ అంతే. బుధవారం మూడు కాస్తా రెండున్నరకు దిగింది.

“ఓడిపోయినం సుభా,” అన్నాడు ధనరాజ్ ఫోన్‌లో. వెనక లారీ హారన్లు. “ఏం గాదు. కొన్ని దినాలు మంచు దులుపుదాం. అలవాటైతది.”

సుభాషిణికి అలవాటు అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. బూడిదను నీలమనుకోవడమూ అలవాటే. ఆమె లెక్కను కింది దాకా జరిపింది. బొమ్మ ఎంతమందికి చూపించారు, ఏ వయసువాళ్ళకు, ఏ దేశంలో. దేశాల పట్టీ దగ్గర ఆగింది. నార్వే. కెనడా. జర్మనీ. ఫిన్లాండ్. చివరిదాకా వెతికింది. ఇండియా లేదు.

దుకాణంలో సేఠ్ ఉన్నాడో లేడో చూడకుండా పల్లవికి ఫోన్ చేసింది.

“పల్లవీ, మంచు పడే దేశాలకు మాత్రమే రెండు బొమ్మలూ చూపించి, మంచు గెలిచిందంటే ఎలా?”

“ఏమంటున్నావు?”

“పట్టీ తెరువు. చదువు. దండెం మీద బట్ట ఆరేసుకునే మనిషి ఒక్కరైనా ఉన్నారా అందులో? వాళ్ళు మెషీన్లో ఆరబెట్టుకుంటారు. దుమ్మును చూసి ఎవరు నొక్కుతారు అని అడిగావు కదా, దుమ్ములో ఉన్నవాళ్ళను అడిగావా?”

అవతల కీబోర్డు టకటకలు. తర్వాత పల్లవి గొంతు చిన్నగా వినిపించింది. “పోయిన ఆటకు పెట్టిన సెట్టింగు అలాగే ఉండిపోయింది. మా పాత ఆటలన్నీ బయటి దేశాలకే కదా, ఈసారి ఎవరూ మార్చలేదు. సారీ. మిగిలిన నాలుగు రోజులు ఇండియాకు తెరుస్తాను. ఇక్కడి లెక్కే లెక్క, సరేనా?”

“సరే. మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టు.”

“పెడతాను. సుభాషిణీ, ఇండియాలో కూడా ఓడితే?”

“ఓడితే ఓడినట్టే. మంచు నేనే వేసి ఇస్తాను.”

ఫోన్ పెట్టేసింది. ఓంప్రకాష్ సేఠ్ తన గ్లాసులో నీళ్ళు పోసి ఆమె ముందుకు జరిపాడు. “ఎవరితోనమ్మా కొట్లాట? బ్యానర్‌లో ఎవరి మొహమన్నా తప్పిందా?”

“అవును సేఠ్. ఊరి మొహమే తప్పింది.”

గురువారం మధ్యాహ్నానికి దుమ్ము నాలుగు, మంచు నాలుగున్నర. శుక్రవారం పొద్దున రెండూ సమానం. సాయంత్రం దుమ్ము ఐదు. ధనరాజ్ ప్రతి లారీకీ మధ్య ఒక మెసేజ్ పెడుతున్నాడు. ‘ఐదూ పాయింట్ రెండు!’ ‘ఐదున్నర!’ ‘డ్రైవర్ నన్ను చూసి పిచ్చోడనుకుంటుండు!’ శనివారం ఊళ్ళ పట్టీ తెరుచుకుంది. ఎక్కడెక్కడి నుంచి నొక్కుతున్నారో చూసి సుభాషిణి బస్సులోనే గట్టిగా “అమ్మో!” అంది. పక్క సీటు ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ధన్‌బాద్. కోర్బా. సింగరౌలీ. రామగుండం. బళ్ళారి. గూగుల్ చేయనక్కర్లేదు, అన్నీ గనుల ఊళ్ళేనని ఆమెకు తెలుసు. ఈ ఊళ్ళను ఇంతవరకూ ఎవరూ ఒక్క పట్టీలో రాసి ఉండరు. ఇప్పుడు ఒక వేలి గీత రాసింది. ఒక్కో ఊళ్ళో ఒక్కో మనిషి, రెప్పపాటులో, ఇది మా ఇంటి కిటికీ గట్టు అనుకుని ఉంటారు.

ఆదివారం పన్నెండు గంటలకు పోటీ ముగిసింది. దాబా మీద ఆగమ్మ బట్టలు ఆరేస్తోంది. ప్రేమలత గోడ మీద మోచేతులు ఆనించి ఉంది. ధనరాజ్ షిఫ్టు మార్చుకుని మరీ వచ్చాడు. ఫోన్ మోగింది. సుభాషిణి స్పీకర్‌లో పెట్టింది.

“మంచు నాలుగూ పాయింట్ ఆరు,” అంది పల్లవి. కావాలనే ఆగింది.

“పల్లవీ, చంపకు!”

“దుమ్ము ఏడూ పాయింట్ ఒకటి! సుభాషిణీ, మా ఆఫీసులో ఇంత తేడా ఎప్పుడూ చూడలేదు! ఇంకో సంగతి, మంచు చూసి దించుకున్నవాళ్ళలో చాలామంది ఆ రోజే తీసేస్తున్నారు, మంచెక్కడని. దుమ్ము చూసి వచ్చినవాళ్ళు ఉంటున్నారు. మీ బొమ్మే ఖాయం. పేరు ‘దండెం’. ఒక్క అక్షరం మార్చం.”

ధనరాజ్ ఎగిరి గంతేశాడు. దాబా అదిరిపోయేలా అరిచాడు. పల్లవి మాట్లాడిన మరాఠీలో ఆగమ్మకు అర్థమైంది సగమే. కానీ బిడ్డ మొహం చూసి అంతా అర్థమైంది. తడి చేతులతోనే సుభాషిణి రెండు చెంపలు పట్టుకుని ఊపేసింది.

“గెలిచినమానే? మన దుమ్మే గెలిచిందా?”

“మన దుమ్మే అమ్మా!”

“దుమ్ము గెలిస్తే గింత సంబరం జేస్కునే ఊరు మనదొక్కటే ఉంటదే,” అంది ప్రేమలత. నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

సాయంత్రం దాకా ఫోన్ మోగుతూనే ఉంది. ఎండ దిగుతుండగా సుభాషిణి మొదటిసారి స్థిమితంగా కూర్చుని ఆట కింద జనం రాసిన మాటలు చదివింది. హిందీవి, కన్నడవి. ఒకటి తెలుగులో ఉంది. కూడబలుక్కుంటూ చదివింది, ఆగమ్మ వినేలా పైకి.

“మాది బళ్ళారి పక్క. మీ ఆట బాగుంది అక్కా. బొమ్మ చూసి మా అమ్మ కూడా వేలు పెట్టి తుడిచింది, ఫోన్‌ను. కానీ మా ఎర్ర దుమ్ము ఎందుకు పెట్టలేదు? మా తెల్ల బట్టలు గులాబీ రంగుకు వస్తాయి. రెండుసార్లు కాదు, మూడుసార్లు ఉతకాలి.”

ఆగమ్మ చేతిలో బకెట్ కింద పెట్టింది. “మూడుసార్లా? ఏం పెట్టి ఉతుకుతరట? నిమ్మకాయనా, సోడనా? గా పిల్లకు ఫోన్ జెయ్యి.”

“నెంబర్ లేదమ్మా. రాసి అడగాలె.”

“మరి రాయి. నేను చెప్త, నువ్వు రాయి.”

సుభాషిణి మరాఠీ కీబోర్డు మార్చి తెలుగు అక్షరాలు వెతుక్కుంది. ‘ఎ’ ఎక్కడుందో దొరకడానికి నిమిషం పట్టింది. తల్లి చెబుతూనే ఉంది, ధనరాజ్ అప్పుడే పక్కన కూర్చుని నాలుగో దుమ్ముకు ఎరుపు కలపడం మొదలుపెట్టాడు.

“ఎరుపు గింతుంటదా, జర ఎక్కువుంటదా?”

“ఆగురా, అడుగుతున్న గద,” అంది సుభాషిణి.